పాఠకుడి పేచీ

అధ్యక్షుడు ముందు మాట్లాడాలా చివర మాట్లాడాలా అన్నది మన సభల్లో ఎప్పుడూ తేలదు. నన్ను ముందే మాట్లాడమన్నారు కాబట్టి, ఈ సదస్సు సాగినంతసేపూ పనికొచ్చే తగువొకటి మీ ముందు పెట్టి కూర్చుంటాను.

బాలసాహిత్యం మీద మనం రాసే వ్యాసాల్లో రచయిత ఉంటాడు, ఇతివృత్తం ఉంటుంది, నీతి తప్పకుండా ఉంటుంది. చదివిన పిల్లవాడు మాత్రం కనపడడు. పదమూడేళ్ల పిల్ల ఓ కథ చదివి ఎక్కడ అలిగిందో, ఏ పాత్ర పోతే అన్నం సహించలేదో మన విమర్శలో దాఖలా లేదు. ఆ లోటు ఎంతటిదో తెలియాలంటే హ్యారీ పోటర్ పాఠకుల సంగతి చూడాలి.

లండన్‌లో బ్లూమ్స్‌బరీ సంస్థ మొదటి పుస్తకాన్ని 1997 జూన్ 26న వేసింది. గట్టి అట్టతో తొలి ముద్రణ 500 ప్రతులు. ఏడోదీ ఆఖరిదీ 2007 జూలై 21న వచ్చింది. పదకొండో ఏట ఆ మొదటి పుస్తకం పట్టుకున్నవాడికి కథ ముగిసేసరికి ఇరవై ఒకటి. ఆ పదేళ్లలో వాళ్లు చదివిన రోజుల కంటే ఎదురుచూసిన రోజులే ఎక్కువ. ఎదురుచూస్తూ ఊరుకోలేదు, వాదించుకున్నారు.

2005 జూలైలో వచ్చిన ఆరో పుస్తకం చివర, మంత్రవిద్యల బడి పెద్ద డంబుల్‌డోర్‌ని అక్కడి ఉపాధ్యాయుడు స్నేప్ చంపుతాడు. చనిపోయే ముందు ఆ ముసలాయన స్నేప్‌ని బతిమాలతాడు. ఏమని? ప్రాణం నిలపమనా, తీయమనా? రచయిత్రి రోలింగ్ చెప్పలేదు. స్నేప్ ద్రోహి అని కొందరు, గురువు మాట జవదాటనివాడని కొందరు, రెండేళ్లు పోట్లాడుకున్నారు. ఊసుపోక చేసిన వాదన కాదది. డంబుల్‌డోర్, స్నేప్ అడవి అంచున ఏదో విషయానికి గొడవపడుతుంటే బడి ఉద్యోగి హాగ్రిడ్ చెవిన పడ్డ నాలుగు మాటల్ని కూడా సాక్ష్యానికి లాక్కొచ్చారు. ఎం.ఏ. విద్యార్థుల చేత ఒక పాఠ్యాన్ని అంత దగ్గరగా చదివించడానికి మనం ఎన్ని పాట్లు పడతామో ఇక్కడున్న అధ్యాపకులకు నేను చెప్పనక్కర్లేదు. చంపమని గురువే కోరాడని ఏడో పుస్తకం తేల్చింది. అది ముందే పసిగట్టినవాళ్లు తక్కువేం కాదు.

ఆ ఏడో పుస్తకమే ఇంకో పేచీ తెచ్చింది. పందొమ్మిదేళ్లు గడిచాక పెళ్లిళ్లయి, పిల్లల్ని బడికి పంపడానికి రైల్వే ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ కథానాయకుల్ని చివర్లో చూపించారు. అన్ని చావులు చూశాక ఆ దృశ్యం కొందరికి ఊరట, కొందరికి ఒళ్లు మంట. నా మటుకు నాకు ఆ చివరి అధ్యాయం లేకపోతేనే బాగుండేది.

పెద్దల స్పందనలో ఇంత పస లేదు. అమెరికన్ విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్ 2000లో, ఇంతమంది కొన్నవాళ్లు పొరబడతారా అని తనే అడిగి, పొరబడతారని తనే తీర్పిచ్చాడు. ఆ ఏడాదే న్యూయార్క్ టైమ్స్ పత్రిక, ఎక్కువగా అమ్ముడయ్యే పుస్తకాల జాబితాలో పెద్దల నవలలకు చోటు మిగిల్చడానికి పిల్లల పుస్తకాలకు వేరే జాబితా పెట్టింది. గ్రంథాలయాల నుంచి తీసేయాలని అమెరికాలో 2000 నుంచి 2009 దాకా ఎక్కువ అభ్యంతరాలు వచ్చింది ఈ పుస్తకాల మీదే.

అసలు విశేషం పుస్తకాలు అయిపోయాక మొదలైంది. డంబుల్‌డోర్ స్వలింగ ప్రియుడని రోలింగ్ 2007 అక్టోబరులో న్యూయార్క్ సభలో చెప్పారు. కథలో హ్యారీ స్నేహితులైన హెర్మయొనీకి రాన్‌ను జత చేయకుండా ఉండాల్సిందేమోనన్న ధోరణిలో 2014లో మాట్లాడారు. సంతోషించినవాళ్లున్నారు. పుస్తకంలో లేని మాట మేమెందుకు ఒప్పుకోవాలని ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు. 2020లో ట్రాన్స్‌జెండర్ల విషయమై ఆవిడ వెలిబుచ్చిన అభిప్రాయాల తర్వాత, పుస్తకం మాది, రచయిత్రితో మాకు పనిలేదని తెగతెంపులు చేసుకున్న అభిమానులూ ఉన్నారు. ఆ తెగింపు న్యాయమా కాదా అన్నది మీరు తేల్చండి. పాఠకుడికి అంతటి హక్కుందని మాత్రం నేను నమ్ముతాను.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 1954లో ‘తోకచుక్క’తో మొదలై 1978లో ‘భల్లూకమాంత్రికుడు’ దాకా చందమామలో పన్నెండు జానపద సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ సీరియళ్ల మీద ఉండేది కాదు. అక్కడ రచయిత్రి మరీ ఎదురుగా ఉండి పాఠకులతో తగువు తెచ్చుకుంది. ఇక్కడ ఎవరిని మెచ్చుకోవాలో, ఎవరితో పోట్లాడాలో పాఠకుడికి తెలియనే తెలియదు. ఆ సీరియళ్ల వీరులు ఖడ్గవర్మ, జీవదత్తుల్లో ఎవరు గొప్పని అన్నదమ్ములు కొట్టుకుని ఉంటారు. చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మల కోసం సంచిక ముందు ఎవరి చేతికి రావాలని గొడవలు జరిగే ఉంటాయి. సీరియల్ పేజీలు చింపి, కుట్టి, బైండు చేయించి దాచుకున్న ఇళ్లు ఎన్నో. ఆ అభిమానమే చాలా ఏళ్ల తర్వాత వాహిని బుక్ ట్రస్ట్ ద్వారా ఆ సీరియళ్లను పుస్తకాలుగా రప్పించింది. దాసరి 2010లో కన్నుమూశారు. ఆయన మీద వ్యాసాలు వచ్చాయి. ఆయన పాఠకుల మీద ఒక్క పరిశోధన నా కంటబడలేదు.

నేటి మన పిల్లలు హ్యారీ పోటర్‌ను ఎక్కువగా ఇంగ్లీషులోనే చదివారు, ఇంగ్లీషులోనే వాదించుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. తెలుగులో పోట్లాడుకోదగ్గ సీరియల్ మనం ఇచ్చి ఎన్నాళ్లయింది?

పరిశోధక విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. పదేళ్ల వయసులో ‘తోకచుక్క’ కోసం నెలనెలా కాచుకున్నవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. మీ ఊళ్లో ఉన్నవాళ్లను ఈ ఏడాదే వెతికి పట్టుకోండి. ఏం చదివారని కాదు, చదివి ఏమనుకున్నారని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, వచ్చే సదస్సుకు పట్టుకురండి.