పాలకంకి నుంచి రొట్టెపిండి దాకా



విలియం ఫారర్ జ్ఞాపకార్థం నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందు ఈ గిన్నెలోని గింజలు చూడండి. పోయిన వారం వాగా వాగా దగ్గర ఒక చేలో కంకులు తెంపి, నలిపి తెచ్చాను. అక్టోబరు కదా, అక్కడ గోధుమ పాలు పోసుకుంటోంది. గోటితో నొక్కితే తెల్లటి పాలు చిమ్ముతాయి. నమిలితే తియ్యగా ఉండి, చివరికి పొట్టే మిగులుతుంది. పక్క గిన్నెలోవి కిందటేడు పంటవి. వాటిని గుప్పెడు నోట్లో వేసుకుని ఓపిగ్గా నమలండి. పిండి కరిగిపోయి బంక మిగులుతుంది, లాగితే సాగుతుంది. అదే గ్లూటెన్. నాలుగైదు వారాల్లో ఆ బంక ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ ఆస్ట్రేలియా దేశంలో గోధుమను పండించేవాళ్లు మొదట ఆ ప్రశ్న వేసుకోలేదు. ఎన్ని బస్తాలయ్యాయన్నదే లెక్క. ఫారర్ 1845లో ఇంగ్లండులో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, క్షయ వల్ల వైద్యవిద్య వదిలేసి 1870లో ఇక్కడికొచ్చారు. కొన్నేళ్లు భూములు కొలిచే సర్వేయరు ఉద్యోగం చేసి, మరంబిడ్జీ నది ఒడ్డున లాంబ్రిగ్‌లో స్థిరపడి గోధుమలను సంకరం చేయడం మొదలుపెట్టారు. తుప్పు తెగులును తప్పించుకునే పైరు కావాలన్నది ఆయన పట్టుదల. నాకు ఆయనలో అంతకంటే గొప్పగా కనిపించేది మరొకటుంది. పుట్టించిన ప్రతి రకం గింజనూ పిండి చేయించి చూడాలనుకోవడం. న్యూ సౌత్ వేల్స్ వ్యవసాయ శాఖ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గుత్రీ అందుకోసం బుల్లి పిండిమర తయారుచేశారు. కొత్త రకం గింజలు మొదటేడు కొద్దిగానే చేతికొస్తాయి. ఆ కొద్దిపాటి గింజలతోనే పిండి రంగు, బలం తేల్చి ఫారర్‌కు రాసేవారు. వంగడాన్ని పుట్టించేవాడూ, దాని పిండిని పరీక్షించేవాడూ ఇలా చేయి కలపడం అప్పటికి ప్రపంచంలోనే అరుదు.

మనవాళ్లు తెలుసుకోవలసిన మాట ఒకటుంది. 1901లో ఆయన విడుదల చేసిన ఫెడరేషన్ రకంలో మన ఇటావా గోధుమ రక్తం ఉంది. కెనడా ఫైఫ్ గోధుమకు పిండి బలం ఎక్కువ, కానీ ఆలస్యంగా పండుతుంది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఇటావా స్వల్పకాలిక రకం. ఆ రెంటినీ కలిపితే యాండిల్లా, దాన్ని స్థానిక పర్పుల్ స్ట్రాతో కలిపితే ఫెడరేషన్. వేసవి ఎండలు ముదిరేలోపు గింజ కట్టాలన్న ఆత్రం మన దేశపు పైరుది. ఆ గుణమే ఇక్కడి రైతుకు అక్కరకొచ్చింది. పిండి బలంలో ఫెడరేషన్ అంత మేటి కాదు. అయినా దిగుబడి బాగుండటంతో చాలా ఏళ్లు అదే ఏలింది. అప్పట్లో ఏడాది పంటనంతా కలిపి ఒక సగటు నాణ్యత కట్టి అమ్మేవారు. మంచి ప్రోటీన్ తీసిన రైతుకు పైసా ఎక్కువ దక్కేది కాదు. ఇప్పుడు సైలో దగ్గర లారీ ఆగగానే నమూనా తీసి ప్రోటీన్ శాతం చెబుతారు. 13 దాటితే ప్రైమ్ హార్డ్ తరగతి, 11.5 దాటితే హార్డ్ తరగతి.

ఇక గింజ లోపలికి వెళ్దాం. సుంకు రాలిన తొలి రోజుల్లో గింజలో ఉండేవి ఎక్కువగా దాని సొంత బతుకుకు కావలసిన ప్రోటీన్లు, ఆల్బుమిన్లూ గ్లోబ్యులిన్లూ. వాటిలో ఒంటికి కావలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం మెండు. పదిరోజులు దాటాక నిల్వ ప్రోటీన్లు గ్లయడిన్, గ్లూటెనిన్ వేగంగా చేరతాయి. పండుతున్న ఆకులూ కాండమూ తమ నత్రజనిని విడిచి గింజకు పంపుతాయి. గింజ నత్రజనిలో సగానికి పైగా సాధారణంగా ఈ దారినే వస్తుంది. మరోపక్క పిండిపదార్థం కుప్పలుగా పోగుపడుతుంది. అందుకే గింజలో ప్రోటీన్ బరువు పెరుగుతున్నా, శాతం మాత్రం మధ్యలో పడిపోతుంది. చివర గింజ ఎండేటప్పుడు గ్లూటెనిన్ పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని బలమైన వల అవుతాయి. మీ నోట్లో సాగింది ఆ వలే.

ఇక్కడే పేచీ. రొట్టెకు బలమిచ్చే నిల్వ ప్రోటీన్లలో లైసిన్ తక్కువ. గింజ ముదిరేకొద్దీ ప్రోటీన్‌లో లైసిన్ వాటా తగ్గుతుంది, అంటే బేకరీకి మెరుగైన గింజ ఒంటికి ఆ మేరకు తక్కువ. అమెరికాలో ఆస్బోర్న్, మెండెల్ 1914లో గ్లయడిన్ ఒక్కటే ప్రోటీన్‌గా పెట్టిన ఎలుకలు ఎదగలేదని, లైసిన్ కలిపితే ఎదిగాయని చూపారు. మన ఇళ్లలో చపాతీ పక్కన కందిపప్పు ఉండటం వల్ల ఆ లోటు తీరిపోతుంది, పప్పులో లైసిన్ పుష్కలం. ఈ ఊళ్లో పిల్లలకు రొట్టెముక్కకు జామ్ రాసిచ్చి బడికి పంపే తల్లులు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇప్పుడు ఎండ సంగతి. గింజ కట్టే రోజుల్లో 35 డిగ్రీలు దాటిన ఎండలు నాలుగు రోజులు కాస్తే పిండిపదార్థం చేరడం ముందే ఆగిపోతుంది. గింజ నొక్కుకుపోయి ప్రోటీన్ శాతం ఎక్కువగా కనిపిస్తుంది. సైలో దగ్గర మంచి అంకె వస్తుంది, కానీ ముద్ద నీరసంగా ఉంటుంది. 1990లలో సిడ్నీలోని ధాన్య రసాయన శాస్త్రవేత్తలు ఈ తేడాను జాగ్రత్తగా కొలిచి రాశారు. శాతం ఒక్కటే చూసి ధర కట్టడం నాకు అందుకే నచ్చదు.

ఎండే కాదు, గాలీ మారుతోంది. విక్టోరియాలోని హార్షమ్‌లో 2007 నుంచి ఆరుబయట పొలంలోనే గోధుమ చుట్టూ కార్బన్ డయాక్సైడ్ వదిలి, రేపటి గాలిలో పైరు ఎలా ఉంటుందో చూశారు. గింజ దిగుబడి పెరిగింది, ప్రోటీన్ శాతం తగ్గింది. ఈ గిన్నెలోని పచ్చి గింజల తోబుట్టువులు వాగాలో ఈ రాత్రి పాలు పోసుకుంటున్నాయి, నవంబరు చివరికి కోతకొస్తాయి. మళ్లీ కలిసినప్పుడు ఆ చేలో గింజలే గుప్పెడు తెస్తాను. ఇప్పటి రుచిని మరిచిపోకండి, పక్కపక్కన నమిలి చూద్దాం.