తాళం కప్ప కంటే భయమే పెద్దది

(మా సంఘం శిక్షణ తరగతుల్లో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



చట్టం చెప్పడానికి మనకు వకీలమ్మలు ఉన్నారు. నేను తాళాలు బాగుచేసే మనిషిని. మా నాన్న బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చుని మారు తాళంచెవులు చేసేవాడు. ఆయన దగ్గరే ఈ పని నేర్చుకున్నాను. కాబట్టి తాళం సంగతే చెబుతాను. తాళం గురించి మాట్లాడుతూ పోతే హక్కుల సంగతి దానంతట అదే వస్తుంది.

ముందు ఈ గుడ్డ మీద పరిచిన సామాను చూడండి. ఇది పాత గొడుగు కమ్మి. ఇది సైకిల్ పుల్ల. ఇది విరిగిన ఆక్సా బ్లేడు ముక్క. వీటిని ఆకురాయితో అరగదీసి, కొన కాస్త వంచితే నా పనిముట్లు తయారవుతాయి. బజారులో కొన్నది ఆకురాయి ఒక్కటే. మిగతావన్నీ మన ఇళ్లలో మూలన పారేసినవే. గొడుగు కమ్మి ఎందుకంటే అది గట్టి ఉక్కు, వంచితే మళ్లీ తిన్నగా అవుతుంది. సినిమాలో హీరోయిన్ జడపిన్ను తీసి క్షణంలో తలుపు తెరుస్తుంది. నిజానికి మంచి తాళంలో పెడితే వంగిపోయేది పిన్నే.

ఇక తాళం లోపలి సంగతి. మన వీధి తలుపులకు ఉండే తాళాల్లో ఎక్కువ భాగం అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన 1861లోనూ 1865లోనూ పేటెంట్ తీసుకున్న పద్ధతివే. లోపల ఒక చిన్న గుండ్రటి కడ్డీ ఉంటుంది. అది తిరిగితే తాళం తెరుచుకుంటుంది. అది తిరగకుండా వరసగా అయిదారు చిన్న పుల్లలు అడ్డం నిలబడతాయి. ఒక్కో పుల్ల రెండు ముక్కలు, పైన ఒక స్ప్రింగు. సరైన చెవి పెడితే దాని పళ్లు ప్రతి పుల్లనూ కావలసినంత ఎత్తుకు లేపుతాయి, ముక్కల మధ్య అతుకులన్నీ ఒకే గీత మీదికి వస్తాయి. అప్పుడు కడ్డీ తిరుగుతుంది. చెవి పోయినప్పుడు నా చేతిలోని రెండు ఇనుప ముక్కలు చేసేదీ అదే పని. ఒకటి తిప్పడానికి, ఒకటి లేపడానికి. మంత్రం లేదు, మాయ లేదు. ఓపిక, వేలికొసల్లో స్పర్శ కావాలి. బియ్యంలో రాళ్లేరే చేతికి, సూదిలో దారం ఎక్కించే చేతికి ఈ రెండూ కొత్త కాదు.

మరి ఇది ఆడవాళ్ల పని కాదని ఎవరన్నారు? మా నాన్న పోయాక నేను అదే చోట కూర్చుంటే వచ్చినవాళ్లు, “మగవాళ్లెవరూ లేరా?” అని అడిగేవారు. ఇంకొందరు, “ఇలాంటివి నలుగురికీ నేర్పితే దొంగలు తయారవుతారమ్మా” అంటారు.

ఈ వాదం పాతదే. లండన్‌లో బ్రామా కంపెనీ వాళ్లు తమ తాళం తెరిచినవాళ్లకు 200 గినీలు ఇస్తామని దుకాణం అద్దంలో బోర్డు పెట్టి అరవై ఏళ్లు ధీమాగా కూర్చున్నారు. 1851లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కష్టపడి దాన్ని తెరిచాడు. ఇలాంటివి బయటికి చెప్పవచ్చా అని అక్కడా గొడవ జరిగింది. 1853లో వచ్చిన హాబ్స్ పుస్తకంలో దానికి జవాబుంది. దొంగలకు ఈ విద్య ముందే తెలుసు, తెలియనిదల్లా డబ్బిచ్చి తాళం కొనుక్కునేవాళ్లకే అని దాని సారాంశం. నేనూ అదే అంటాను. తాళం గురించి తెలియకపోవడం వల్ల నష్టపోయేది లోపల ఉన్న మనిషే.

మన ఇళ్లలో చెవుల గుత్తి ఆడదాని బొడ్లో ఉంటుందని గొప్పగా చెప్పుకుంటాం. పప్పు డబ్బాల గది తాళం మన దగ్గరే ఉంటుంది, నిజమే. మన సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, పుట్టింటివారు పెట్టిన బంగారం ఉన్న బీరువా చెవి ఎవరి దగ్గర ఉంది? వీధి తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టే చెయ్యి ఎవరిది?

నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల కష్టాలు మూడు రకాలు.

మొదటిది, తన పెట్టె తాను తెరుచుకోలేకపోవడం. పెట్టె ఆమెదేనని రూఢి చేసుకుని, పక్కన ఒక సాక్షిని పెట్టుకుని తెరుస్తాను. సామాను అవతలివాళ్ల స్వాధీనంలో ఉంటే ముట్టుకోను. 2005 నాటి గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద స్త్రీధనం తిరిగి ఇవ్వమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఆ దారి పట్టమని చెబుతాను.

రెండోది, బజారుకు వెళ్లి వచ్చేసరికి వీధి తలుపు తాళం మారిపోయి ఉండటం. అక్కలారా, అక్కడ నా గొడుగు కమ్మి పనికిరాదు. దొంగతనంగా తాళం తీశావని ఎదురు కేసు పెడతారు. అదే చట్టం 17వ సెక్షన్ కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అది ఉమ్మడి కాపురపు ఇల్లు కావచ్చునని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మారిన తాళం ఫొటో తీసుకోండి, ఇరుగుపొరుగును సాక్ష్యం ఉంచుకోండి, రక్షణాధికారి దగ్గరికి వెళ్లండి.

మూడోది, లోపల పెట్టి తాళం వెయ్యడం. “నా పెళ్లాం, నా ఇల్లు” అంటే చెల్లదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ ప్రకారం అక్రమ నిర్బంధం నేరం. ఏడాది దాకా జైలు, మూడు రోజులు లేదా అంతకన్నా ఎక్కువైతే మూడేళ్ల దాకా, పది రోజులు లేదా అంతకన్నా ఎక్కువైతే అయిదేళ్ల దాకా. అలా బంధించిన మనిషిని వెతికి తీసుకురమ్మని మేజిస్ట్రేటు వారెంటు ఇవ్వవచ్చు. ఫోను అందితే 112, లేదా 181.

ఫోను అందకపోతే? పొగ కమ్ముకుంటే? మన తలుపులు చాలావరకు లోపలికి తెరుచుకుంటాయి. అంటే మడతబందులు లోపలి వైపే ఉంటాయి. తాళం బయట ఉన్నా బందు మధ్యనున్న శీల మన చేతికి అందుతుంది. పెద్ద మేకు కింద నుంచి ఆనించి పచ్చడిబండతో కొడితే చాలా బందుల్లో ఆ శీల పైకి లేస్తుంది. శీలలు తీసేస్తే తలుపును బందుల వైపు నుంచి లాగవచ్చు. కొన్నిటికి శీల రెండువైపులా నలగగొట్టి ఉంటుంది, అది రాదు. మీ తలుపు ఎలాంటిదో ఈ సాయంత్రమే చూసుకోండి. ఆపద వచ్చాక చూసేది కాదు.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ అంటుకుని 146 మంది చనిపోయారు. అందులో 123 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో మెట్ల వైపు తలుపొకటి తాళం వేసి ఉంది. పనివాళ్లు వెళ్లేటప్పుడు సంచులు వెతకడానికి అందరినీ ఒకే దారిన పంపేవారు. యజమానులు నిర్దోషులుగా విడుదలయ్యారు. దొంగతనం పేరు చెప్పి మనిషికి తాళం వేయడం ఎంతదాకా పోతుందో దీన్నిబట్టి తెలుసుకోవాలి.

అందుకే నేను కోరేది మూడు విషయాలు. మారు చెవి ఒకటి నమ్మకమైన పొరుగింట్లో ఉంచండి. కాగితాల నకళ్లు ఇంటి బయట దాచుకోండి. ప్రతి శాఖలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను ఈ పనిలోకి పంపండి. అర్ధరాత్రి తాళం తీయించుకోవాల్సి వచ్చిన ఒంటరి స్త్రీకి మరో స్త్రీ వస్తే ఎంత ధైర్యమో ఆలోచించండి. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు, సామాను చూశారుగా.

ఒక్క కట్టుబాటు మాత్రం ఉంది. మనది కాని తాళం మీద చెయ్యి వెయ్యకూడదు. మనదైన తాళం దగ్గర వణకకూడదు.

ఉపన్యాసం ఇంతే. ఇక్కడ పది తాళం కప్పలున్నాయి. ఒక్కొక్కరూ ముందుకు రండి, మీ చేత్తో తెరిచి చూడండి.