మా మాష్టారి మాట, హెర్మన్ ష్నెల్ కథ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్ళు ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎవరైనా ఒక శాస్త్రవేత్త గురించి పిల్లలకు పనికొచ్చేలా చెప్పమన్నారు నిర్వాహకులు. బయట నిలబెట్టిన మోటారు సైకిళ్ళ హెల్మెట్లకు ముందుండే అద్దాన్నీ, మనలో కొందరి కళ్ళజోళ్ళనూ చూడండి. పాలీకార్బొనేట్ అనే ఆ ప్లాస్టిక్‌ను తయారుచేసిన జర్మన్ కెమిస్టు పేరు హెర్మన్ ష్నెల్. మీలో చాలామంది ఆ పేరు విని ఉండరు.

ఆయన 1916లో కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున గైయెన్‌హోఫెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్టౌడింగర్ దగ్గర రసాయన శాస్త్రం చదివారు. ముందు ఆ గురువుగారి సంగతి చెప్పాలి. రబ్బరు లాంటి పదార్థాల్లో వేల పరమాణువులు గొలుసుకట్టుగా అల్లుకుని ఉంటాయని ఆయన 1920లో అంటే తోటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన వాదులాటతో కాక, ఏళ్ళ తరబడి కొలతలతో జవాబు చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులు వాడడాన్ని బాహాటంగా తప్పుపట్టిన మనిషి కూడా ఆయనే. 1944 నవంబరులో ఫ్రైబుర్గ్ మీద బాంబులు పడ్డప్పుడు ఆయన సంస్థ చాలావరకు నేలమట్టమైంది.

యుద్ధం ముగిశాక 1946లో ష్నెల్ బేయర్‌లో చేరారు. అప్పటిదాకా బేయర్ ఐ.జి. ఫార్బెన్‌లో ఒక భాగం. ఆష్‌విట్జ్ ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించిన సంస్థ అది. దాన్ని విజేత దేశాలు విడగొట్టాక, 1951లో బేయర్ మళ్ళీ వేరే కంపెనీగా నిలబడింది. అలాంటి రోజుల్లో రైన్ నది ఒడ్డున ఊర్డింగెన్ ప్రయోగశాలలో ష్నెల్ పనిచేశారు.

ఇక్కడ కథ కొంచెం వెనక్కి వెళుతుంది. 1898లో మ్యూనిక్‌లో ఆల్‌ఫ్రెడ్ ఐన్‌హార్న్ అనే ఆయన హైడ్రోక్వినోన్‌ను ఫాస్జీన్‌తో కలిపి చూశారు. ఒక పొడి వచ్చింది. అది దేంట్లోనూ కరగదు, వేడిచేసినా కరగదు. దేనికీ పనికిరాదు. అయినా జరిగింది జరిగినట్టు రాసి అచ్చు వేయించారు. తర్వాత పంటి డాక్టర్లు వాడిన నోవొకేన్ మత్తుమందుతో ఆయనకు పేరొచ్చింది. ఆ పొడి మాత్రం యాభై ఏళ్ళకు పైగా కాగితం మీదే ఉండిపోయింది.

1953లో ష్నెల్ బృందం హైడ్రోక్వినోన్‌కు బదులు బిస్‌ఫినాల్-ఏ తీసుకుంది. ఈసారి వచ్చిన పొడవాటి గొలుసులు వేడికి కరిగాయి, అచ్చులో ఒదిగాయి. చల్లారాక గాజులా తేటగా ఉంది, సుత్తితో కొట్టినా పగల్లేదు. ఆ అక్టోబరులోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. దాదాపు అదే రోజుల్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ కూడా సొంతంగా ఈ పదార్థాన్నే కనుక్కున్నారు. పేటెంటు హక్కు మాత్రం బేయర్‌కే దక్కింది. గురువు ష్టౌడింగర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది కూడా 1953లోనే. ఎవరూ నమ్మని ఆ గొలుసులకు!

బేయర్ దీన్ని మక్రొలాన్ అనే పేరుతో 1958 నుంచి పెద్ద ఎత్తున తయారుచేసింది. 1982లో వచ్చిన సీడీలు కూడా దీనితో చేసినవే. అయితే అంతా మంచే జరిగిందని చెప్పను. ఇందులో వాడే ఫాస్జీన్, ఆ గురువుగారు తప్పుపట్టిన యుద్ధవాయువుల్లో ఒకటి. పసిపిల్లల పాలసీసాల్లో బిస్‌ఫినాల్-ఏ వాడకూడదని 2011లో యూరప్ దేశాలు నిషేధించాయి.

ఇక నా సంగతి. ఈ ప్లాస్టిక్ గింజలు గాలిలో తేమ పీలుస్తాయి. అచ్చు పోసేముందు 120 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఆరబెట్టాలి. లేకపోతే సరుకు మీద వెండి చారలు పడతాయి, దెబ్బ తగిలితే పగులుతుంది. ఒక రాత్రి షిఫ్టులో నేను డ్రయ్యరు చూడకుండానే లాగ్‌బుక్కులో 120 అని రాసేశాను. తెల్లారి పరీక్షలో సరుకంతా పగిలింది. లాగ్‌బుక్కు సరిగ్గానే ఉంది కాబట్టి తప్పు మెషీను మీదున్న కుర్రాడిదేనని జీతం కోశారు. రెండు రోజులు నేను నోరు మెదపలేదు.

ఆ రెండు రోజులూ నాకు మన బడే గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో మైనం కరిగే ఉష్ణోగ్రత కొలిచే ప్రయోగం. నాకొచ్చిన అంకె చెరిపి పక్కవాడిది ఎక్కించాను. మాష్టారు నోటుబుక్కు వెలుతురుకు పెట్టి చూసి, "నీకొచ్చింది నువ్వు రాయరా. తప్పయితే ఎందుకు తప్పో రేపు చూద్దాం" అన్నారు. తిట్టలేదు.

మూడో రోజు మేనేజరు దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. కుర్రాడి జీతం తిరిగొచ్చింది. నా ఇంక్రిమెంటు పోయింది. ఆ అబ్బాయి మాత్రం నాతో మళ్ళీ మునుపటిలా మాట్లాడలేదు.

అందుకే గురువులకు నా మనవి ఒకటే. ల్యాబ్‌లో పుస్తకంలో ఉన్న అంకె రాసినవాడికే కాదు, తనకు నిజంగా వచ్చిన అంకె రాసినవాడికీ మార్కులు వెయ్యండి. పనికిరాలేదని ఐన్‌హార్న్ ఆ పొడి సంగతి దాచలేదు. మన పిల్లలూ దాచకుండా ఉంటే చాలు.

మా మాష్టారు ఇప్పుడు లేరు. ఈ నాలుగు మాటలూ ఆయనకే. సెలవు.