బడి మారిన బిడ్డ బడి మానకూడదు

(సండూరులో కార్మిక కుటుంబాల సమావేశంలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



జీతం, బోనసు గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు పిల్లల చదువు గురించి రెండు మాటలు చెబుతాను.

ఆదోని, సండూరు ఒకప్పుడు ఒకే బళ్లారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, సండూరు మైసూరుకు పోయింది. కూలికి వచ్చే మనకు ఆ సరిహద్దు అడ్డం కాలేదు. మన బిడ్డలకే అడ్డమయింది.

నా సంగతే చెబుతాను. మిల్లులో పని పోయి, 2004లో ఇనుప గనుల్లో కూలికి ఇక్కడికి వచ్చాను. మావాడు ఊళ్లో ఐదు పాసయ్యాడు. ఇక్కడ ఒక బడిలో టి.సి. లేదని మూడు నెలలు తిప్పి, చివరికి మూడో తరగతిలో కూర్చోబెట్టారు. 'నెల' అంటే వాడికి ముప్పై రోజులు. కన్నడంలో అది నేల. 'అడిగె' అంటే ఎవరో ఏదో అడిగారనుకున్నాడు; అది వంట. పిల్లలు నవ్వారు. లెక్కల్లో చురుకైనవాడు మొద్దనిపించుకున్నాడు. ఏడాది తిరక్కముందే గనిలో రాళ్లు ఏరడానికి పోయాడు. కన్నడం రాదన్న సిగ్గుతో నేను బడికి పోయి గట్టిగా అడగలేదు. ఆ తప్పు నాది.

2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లా గనుల తవ్వకం ఆపింది. పని పోయినవాళ్లు పిల్లలను చదువు మధ్యలో లేపుకుని ఇంకో ఊరికి పోయారు.

మావాడి కాలంలో లేని చట్టం ఇప్పుడుంది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల బిడ్డను టి.సి. రాలేదని, వయసు కాగితం లేదని ప్రభుత్వ బడి తిప్పి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనుకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. బొంబాయిలో మునిసిపాలిటీ తెలుగు బడులు నడిపింది. మన మిల్లు కార్మికుల పిల్లలు వాటిలో చదువుకున్నారు.

కన్నడం మనకు పరాయిది కాదు. ఇక్కడ బతకాలంటే అది రావాలి. కానీ మిల్లులో కొత్తవాడికి తెగిన పోగు అతకడం పాతవాడు పక్కన నిలబడి చూపిస్తాడు. బిడ్డకు మాత్రం ఎవరూ చూపించరా?

అందుకే యూనియన్‌కు నా విజ్ఞప్తి. జూన్‌లో కొత్త కుటుంబాల పిల్లల జాబితా రాయాలి. కన్నడం వచ్చిన ఒక కార్మికుడు తల్లిదండ్రుల వెంట బడికి వెళ్లాలి. పెద్ద తరగతి పిల్లలు సాయంత్రం గంటసేపు చిన్నవాళ్లకు కన్నడం చెప్పాలి.

మావాడికి ఆలస్యమైపోయింది. మీ పిల్లలకు ఇంకా కాలేదు.