అమ్మ ఉన్నన్నాళ్లూ...



మస్కట్ నుంచి వచ్చినవాడు ఎడారి గురించో, ఉద్యోగాల గురించో చెబుతాడని అనుకుని ఉంటారు. నేను పాత ఇళ్ల గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

పాత మస్కట్‌లో 'బైత్ అల్ జుబేర్' అనే మ్యూజియం ఉంది. బైత్ అంటే ఇల్లే. 1914లో కట్టిన ఆ ఇంటిని సొంత కుటుంబమే బాగుచేయించి, 1998లో మ్యూజియంగా తెరిచింది. అల్ హమ్రా దగ్గర కొండ మీద మిస్ఫత్ అల్ అబ్రియీన్ అనే ఊరుంది. అక్కడ తాతలనాటి మట్టి ఇళ్లను కొన్నింటిని బాగుచేసి అతిథిగృహాలుగా నడుపుతున్నారు. ఫలజ్ కాలువ నీళ్లు ఇప్పటికీ ఖర్జూర తోటలకు పారుతున్నాయి.

అవి చూసినప్పుడల్లా కోనసీమలోని మా మండువా లోగిలి మనసులో మెదిలేది. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉండేది. వానొస్తే మూడు గదులు కారేవి. అమెరికాలోని అన్నయ్య "అమ్మేద్దాంరా, అమ్మ అక్క దగ్గరుంటుంది" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పు లేదు. మా తర్వాత ఆ ఇంట్లో ఎవరుంటారు? అమ్మ మాత్రం "నేనున్నన్నాళ్లూ ఉండనివ్వండి" అంది. ఆ మాట మీదే పని మొదలుపెట్టాం.

వీధి రోడ్డు ఏటేటా ఎత్తు పెరిగి, మండువాలో పడ్డ వాననీరు బయటికి పోయే తూము పూడిపోయింది. ముందు దాన్ని సరిచేశాం. తర్వాత కూనపెంకు నేయించాం. గోడలకు ఎప్పుడో పూసిన సిమెంటు లోపలి చెమ్మను బయటికి పోనివ్వక పెచ్చులూడుతోంది. దాన్ని తీయించి, సున్నంలో ఇటుకపొడి కలిపి పూయించాం. ఒమాన్‌లో కోటలకూ, ఫలజ్‌లకూ వాడిన 'సరూజ్' కూడా దాదాపు ఇదే: కాల్చిన మట్టి, సున్నం.

అటక మీది ఇత్తడి సామాను దించినప్పుడు అసలు సంగతి బయటపడింది. ప్రతి బిందె మీదా, పళ్లెం మీదా ఒక పేరు. అమ్మ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, ఎవరి పెళ్లికి ఎవరు పెట్టారో చెబుతుంటే అక్క పుస్తకంలో రాసుకుంది. అన్నయ్య రాత్రివేళ ఫోన్లో విన్నాడు. నాన్నమ్మ పుట్టింటివాళ్ల పేర్లు మా ముగ్గురికీ అప్పుడే తెలిశాయి. ఆ నెలాఖరుకి, అడక్కుండానే, అన్నయ్య తన వంతు డబ్బు పంపాడు.

అమ్మ తర్వాత ఏమిటన్నది మేమింకా తేల్చుకోలేదు. అందరికీ మ్యూజియాలు కట్టే స్తోమత ఉండదు. ఇల్లు ఉంచుకుంటారో, అమ్ముకుంటారో మీ ఇష్టం. ఏది చేసినా, చెప్పేవాళ్లు ఉండగానే అటక దించండి, అడిగి రాసుకోండి. గోడ కూలితే మళ్లీ కట్టుకోవచ్చు. ఆ పేర్లు చెప్పేవాళ్లు మళ్లీ దొరకరు.