గాలివానకు తట్టుకునే గాదె

(సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "కంప్యూటర్ల గురించి పది నిమిషాలు మాట్లాడు, కానీ అందరికీ అర్థం కావాలి" అన్నారు. ఇరవై ఏళ్లుగా నా పని ఒక్కటే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు రాసినదాన్ని పోకుండా దాచడం. మా అమ్మకు ఈ మాట చెబితే, "అయితే గోడౌను గుమస్తావన్నమాట" అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఈ సభ అయ్యాక సాయంత్రం మన కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకోవాలి. మన బడి పాత రికార్డుల నకళ్లు ఎక్కడ దాచాలి, ఎలా దాచాలి అని. దానికి పనికొస్తుందని నా వృత్తిలో జరిగిన ఒక కథ చెబుతాను. చివర్లో నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి.

కిడ్నీ జబ్బు మన ఉద్దానాన్ని ఎంత ఏడిపించిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్ల చేతుల్లో పాలిథిన్ కవర్లు చూసే ఉంటారు. మా చిన్నాన్నకూ ఒకటుండేది. అందులో ఏళ్ల తరబడి రక్తపరీక్ష కాగితాలు. ఓసారి నేను తెలివిగా నిన్నటి రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్లాను. డాక్టరుగారు చూసి, "పాతవేవీ?" అన్నారు. క్రియాటినిన్ ఇవాళ మూడు ఉందంటే, ఆర్నెల్ల కిందట ఒకటిన్నర ఉండి మూడైందా, మూడేళ్లుగా మూడు దగ్గరే ఆగిందా అన్నది ఆయనకు కావాలి. చివరి అంకె ఒక్కటే చూస్తే జబ్బు నడక తెలియదు.

సాఫ్ట్‌వేర్‌లో ఆ పాలిథిన్ కవరు పేరే వర్షన్ కంట్రోల్. ఎవరు, ఏ రోజు, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదంతా వరసగా ఉంటుంది. కొత్తది వచ్చిందని పాతది పారెయ్యరు. అదంతా ఉండే చోటుని రిపాజిటరీ అంటారు.

కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టుకి వెళ్తే ముందు గదిలో బల్ల, కాటా, సంచులు కనిపిస్తాయి. సరుకంతా వెనక గోడౌనులో ఉంటుంది. కొట్టు ఎంత తళతళలాడినా గోడౌనులో చెమ్మ ఉంటే వ్యాపారం మునిగినట్టే. రిపాజిటరీకీ అలాంటి వెనక గది ఒకటుంటుంది. మా భాషలో అది స్టోరేజ్ బ్యాకెండ్. కొనేవాడు దాన్ని చూడడు. చూడాల్సి వచ్చిందంటే అప్పటికే కొంప మునిగిందని అర్థం.

2004లో నేను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సబ్‌వర్షన్ అనే వర్షన్ కంట్రోల్ 1.0 విడుదలైంది. కొత్తది, ఉచితం. ఎగబడి పెట్టేసుకున్నాం. దాని వెనక గది అప్పట్లో ఒక్కటే రకం, బర్క్‌లీ డీబీ. అది చెడ్డదేమీ కాదు. ప్రపంచంలో ఎన్నో చోట్ల పనిచేసిన గట్టి డేటాబేసు. కాకపోతే మేం వాడిన తీరుకి అది సరిపడలేదు.

అందరూ రాసేది ఒకే పెద్ద ఖాతా పుస్తకంలో. ఒకరు రాస్తున్నప్పుడు ఇంకొకరు అదే పేజీ మీద చెయ్యి వెయ్యకుండా తాళాలు ఉంటాయి. ఒక గుమస్తా లోపల గడియ వేసుకుని రాస్తూ రాస్తూ సొమ్మసిల్లాడనుకోండి. గడియ పడే ఉంటుంది, బయట అందరూ నిలబడే ఉంటారు. కంప్యూటరులో ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగితే అచ్చం అదే జరిగేది. పద్నాలుగుమందిమి చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్లం. అందర్నీ బయటకు పంపి, 'రికవర్' అనే ఆదేశం ఇచ్చి, మళ్లీ తలుపు తియ్యాలి. వారానికోసారి నాకిదే పని. డేటా సాధారణంగా పోయేది కాదు, పనిరోజు పోయేది.

ఒక సోమవారం మాత్రం రికవర్ కూడా చేతులెత్తేసింది. ఫరవాలేదు, బ్యాకప్ ఉంది కదా అనుకున్నాను. తెరిచి చూస్తే అదీ పనికిరాలేదు. రాత ఒకపక్క నడుస్తుండగానే ఆ ఫైళ్లను మామూలుగా కాపీ కొట్టేశాను. సగం పాత పేజీలు, సగం కొత్త పేజీలు. దానికి ప్రత్యేకమైన కాపీ పద్ధతి ఉందని పుస్తకంలో రాసే ఉంది, నేను చదవలేదు. నాలుగు రోజుల పనిని ఒక్కొక్కరి కంప్యూటర్లలోంచి ఏరుకుని మళ్లీ కూర్చాం.

2004 సెప్టెంబరులో వచ్చిన సబ్‌వర్షన్ 1.1లో రెండో రకం వెనక గది ఇచ్చారు. పేరు ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్. పేరు నోరు తిరగదు గానీ లోపలి ఏర్పాటు మన బడిలో అందరికీ తెలిసినదే.

మన హెడ్మాస్టరుగారి బీరువాలో అడ్మిషన్ రిజిస్టరు గుర్తుందా? ఒక్కో పిల్లవాడికి ఒక్కో వరస నంబరు. కొత్త పిల్లవాడు వస్తే చివర్న కొత్త గీత. పాత గీత చెరపడానికి వీల్లేదు. తప్పు పడితే ఎర్ర సిరాతో ఒక్క కొట్టివేత, పక్కన సంతకం. బ్లేడుతో గీకితే గుమస్తాగారి ఉద్యోగానికే ఎసరు. ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ సూత్రం కూడా ఇదే. ప్రతి మార్పుకీ ఒక నంబరు, ప్రతి నంబరుకీ ఒక ఫైలు. ఒకసారి రాసిన ఫైలు జోలికి మళ్లీ వెళ్లరు.

కొత్త మార్పుని ముందు పక్కన చిత్తు కాగితం మీద పూర్తిగా రాస్తుంది. తరువాత దాన్ని వరసలో పెడుతుంది. అన్నిటికంటే చివర, "ఇప్పుడు ఆఖరి నంబరు ఇది" అని ఒక చిన్న ఫైలులో మారుస్తుంది. మధ్యలో కరెంటు పోయిందా, చిత్తు కాగితం పక్కన పడి ఉంటుంది. అది ఎవరి కంటా పడదు. అంతకుముందు రాసినవన్నీ చెక్కు చెదరవు. పాత ఫైళ్లు మారవు కాబట్టి బ్యాకప్ అంటే కొత్తగా చేరిన ఫైళ్లను తీసుకోవడమే, చివరి నంబరు ఫైలును ముందు తీసుకోవాలన్న జాగ్రత్త ఒక్కటి ఉంటే చాలు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మార్పులు లక్ష దాటితే లక్ష చిన్న ఫైళ్లు ఒకే సంచిలో పడి కంప్యూటరు ఆయాసపడేది. 2008లో వచ్చిన 1.5లో వాటిని వెయ్యేసి చొప్పున సంచులు కట్టారు. 2009లో 1.6లో నిండిన సంచిని ఒక్క మూటగా బిగించే వీలు పెట్టారు. కాలమే తీర్పు చెప్పింది. 2005లో 1.2 నాటికి కొత్తగా పెట్టుకునేవాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ దానంతటదే వచ్చేలా చేశారు. 2013లో 1.8 వచ్చేసరికి బర్క్‌లీ డీబీని ఇక వాడవద్దనే జాబితాలో చేర్చారు. మేమూ 2005లోనే పాతదంతా ఒక మూటగా దించి కొత్త గదిలోకి ఎక్కించాం. ఆ తరువాత తలుపు తట్టే సోమవారాలు లేవు.

అప్పట్నుంచి ఏ గోడౌను చూసినా నేను మూడు ప్రశ్నలే అడుగుతాను. రాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుంది? నేను లేని రోజు ఇంకొకరు దీన్ని తెరవగలరా? నకలు నుంచి నిజంగా తిరిగి నిలబెట్టి చూశారా? ఎంత వేగం, ఎంత ఖరీదు అన్నవి ఆ తరువాతే.

మూడో ప్రశ్నకి ఒక సాక్ష్యం. కేడీఈ అని ప్రపంచమంతా కలిసి రాసే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటుంది. వాళ్లు వాడేది గిట్, 2005లో పుట్టిన వర్షన్ కంట్రోల్. 2013 మార్చిలో వాళ్ల ప్రధాన సర్వరు ఫైళ్లు పాడయ్యాయి. వేరే దేశాల్లో అద్దంలాంటి ప్రతులున్నాయి కదా అని ధీమా. కానీ అద్దం పని అద్దం చేసింది. ఇక్కడ పాడైతే అక్కడా పాడైంది, ఇక్కడ చెరిగితే అక్కడా చెరిగింది. సుమారు 1500 రిపాజిటరీలు పోయేవే. అదృష్టవశాత్తు ఒక సర్వరులో మంచి ప్రతి మిగిలింది. అద్దం వేరు, నకలు వేరు అని వాళ్లు నేర్చుకున్నారు, వాళ్లను చూసి మేం నేర్చుకున్నాం.

ఇక మన ఊరికి వస్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస, మూడు పంటలున్నాయి కదా, ఒకటి పోతే ఒకటి నిలుస్తుందనుకునే ఉద్దానంలో మూడూ ఒకే రాత్రి నేలకొరిగాయి. మన బడి పైకప్పు కొంత లేచిపోయింది. బీరువా కింది అరలో ఉన్న రిజిస్టర్లు తడిసి అట్టకట్టుకుపోయాయి. దీపావళికి ఊరొచ్చిన నేనూ మరో ముగ్గురు మిత్రులూ పేజీలు విడదీసి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, మూడు రోజులు కూర్చుని ఫోటోలు తీశాం. అప్పటికే బూజు పట్టడం మొదలైంది. ఆ ఫోటోలన్నీ ఒక హార్డు డిస్కులో వేశాం. ఆ డిస్కు నా దగ్గర పెట్టమన్నారు. "దాచడం నీ పనే కదా" అన్నారు.

హైదరాబాదు తీసుకెళ్లి సొరుగులో పెట్టాను. రెండో నకలు తీద్దామనుకున్నాను. వచ్చే ఆదివారం, పైవారం అనుకుంటూనే రెండేళ్లు దాటింది. 2021లో ఒకావిడ మన బడికి వచ్చారు. ఎనిమిదో తరగతిలో చదువు మానేశారు కాబట్టి పదో తరగతి మార్కుల జాబితా లేదు. పుట్టిన తేదీకి రుజువు కావాలి. ఆ బ్యాచి పేజీ బూజు తినేసింది. హెడ్మాస్టరుగారు నాకు ఫోన్ చేశారు. సొరుగు తీసి డిస్కు పెట్టాను. టిక్కు టిక్కుమంది, తిరగలేదు. బాగుచేసేవాళ్లకిస్తే కొన్ని పేజీలు వచ్చాయి. ఆవిడ పేజీ రాలేదు.

ఫోన్లో ఆవిడే మాట్లాడారు. "ఏటి బావూ, నువ్వే దాసినావంట గదా, మరి ఏటైపోనాది?" అన్నారు. కోపంగా అనలేదు. ఊళ్లో వాళ్లు అడిగినట్టే అడిగారు. ఊరంతటికీ దాచడం గురించి చెప్పేవాణ్ని, నా దగ్గర జవాబు లేదు. ఇవాళ ఈ సభ ముఖంగా ఆవిడకూ, నా బడికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అందుకే కార్యవర్గానికి నా మనవి. యాప్ చేయిద్దామన్న ఆలోచన మంచిదే. అది ముందు కొట్టు. గోడౌను సంగతి ముందు తేల్చుకుందాం.

ఒకటి. హెడ్మాస్టరుగారి అనుమతితో, మిగిలిన ప్రతి రిజిస్టరు పేజీకీ ఒక్కో ఫోటో, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే మామూలు ఫైలుగా. పేరులో సంవత్సరం, పేజీ నంబరు. ఒకసారి పెట్టాక మార్చం. తప్పుంటే కొత్తది పక్కన చేరుస్తాం.

రెండు. ఫోటోలు చూసి ఎక్కించే పేర్ల పట్టికని, మన సభ్యుల చిరునామాల పట్టికని గిట్‌లో ఉంచుదాం. ఎవరు ఏ అక్షరం దిద్దారో ఎప్పటికీ తెలుస్తుంది. బరువైన ఫోటోలు గిట్‌లో వద్దు, అవి విడిగా ఉండాలి. చిట్టా అడుగున మొత్తం వేసినట్టు, ఒక్కో ఫోటోకి చెక్‌సమ్ అనే లెక్క రాసి పెడితే, పదేళ్ల తరువాత ఒక్క చుక్క మారినా పట్టుబడుతుంది.

మూడు. నకళ్లు మూడు. ఒకటి బడిలో. రెండోది టెక్కలిలో పెడదామని ఒక మిత్రుడన్నాడు. పలాస, టెక్కలి ఒకే గాలివాన దారిలో ఉన్నాయి. అవి రెండు చోట్లు కావు, ఒకే చోటు కింద లెక్క. కాబట్టి టెక్కలిది మనకు దగ్గరి ప్రతిగా ఉండనిద్దాం, మూడోది మాత్రం తీరానికి దూరంగా ఉండాలి. వాటిలో పుట్టిన తేదీలున్నాయి, ఇంటి వివరాలున్నాయి. తాళంతో ఉండాలి, తాళం చెవి కనీసం ఇద్దరి దగ్గరుండాలి. ఒక్కడి సొరుగులో మాత్రం వద్దు. ముఖ్యంగా నా సొరుగులో వద్దు.

నాలుగు. ఏటా ఈ సమావేశం రోజునే, కంప్యూటరు తెలియని ఒక సభ్యుణ్ని పిలిచి, ఏదో ఒక సంవత్సరం చెప్పి, మూడో నకలు నుంచి ఆ పేజీ తీసి చూపించమందాం. పేజీ వస్తే చప్పట్లు. రాకపోతే భోజనాలకు ముందే ఆ సంగతి తేల్చుకుందాం.

మన గురువులు మన పేర్లు ఒక్కొక్కటే సిరాతో రాశారు. బ్లేడుతో గీకకుండా, వరస తప్పకుండా యాభై అరవై ఏళ్లు కాపాడారు. వాళ్లకు కంప్యూటరు లేదు, క్రమశిక్షణ ఉంది. మన దగ్గర కంప్యూటర్లున్నాయి. రెండోది కూడా ఇవాళ సాయంత్రం నుంచి అలవాటు చేసుకుందాం.

ఆ బ్యాచివాళ్లెవరైనా ఇక్కడుంటే ఒక్క మాట. మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో పాత టీసీ, మార్కుల కార్డు, గ్రూపు ఫోటో ఏదున్నా ఒకసారి పట్టుకు రండి. పోయిన పేజీని మళ్లీ కూర్చడానికి ఏ ఒక్క ముక్కయినా పనికొస్తుంది. మధ్యాహ్నం నుంచి స్కానరుతో తొమ్మిదో తరగతి గదిలోనే ఉంటాను. ఈసారి మూడు నకళ్లూ ఇవాళే తీస్తాను.