కుదురు లేని బిడ్డ – తల్లి మాట, వైద్యుని మాట

(సరిహద్దు ప్రాంత తల్లిదండ్రుల సమావేశంలో ఒక పిల్లల వైద్యుని ప్రసంగ పాఠం)



తెలుగు బడుల గురించి, తెలుగు వాచకాల గురించి మాట్లాడుకునే వేదికమీద పిల్లల వైద్యం ఊసెందుకని కొందరికి అనిపించవచ్చు. బడిలో పాఠం ఏ నుడిలో చెప్పాలన్నది మనకెంత ముఖ్యమో, ఆసుపత్రిలో తల్లి తన బిడ్డ సంగతి ఏ నుడిలో చెప్పుకోగలదన్నదీ అంతే ముఖ్యం. హొసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్లారి, రాయగడ, సిరొంచ – ఎక్కడి తెలుగు కుటుంబానికైనా ఈ చిక్కు ఎదురవుతూనే ఉంది. యానాంలో వైద్యునితో తెలుగులో మాట్లాడుకోవచ్చుగాని, చేతికి వచ్చే కాగితం ఇంగ్లీషులోనే ఉంటుంది. నుడి లేకపోతే వైద్యం ఎట్లా కుంటుపడుతుందో చెప్పడానికి ఈనాడు ఒక్క విషయాన్నే తీసుకుంటున్నాను. అది పిల్లలలో కనిపించే ఏడీహెచ్‌డీ.

పేరు పరాయిదైనా సంగతి మనకు తెలియనిది కాదు. 'కాలు నిలవదు', 'చెప్పింది చెవిన పడదు', 'ఎప్పుడూ పరాకే', 'కుదురు లేదు' అని మన ఇళ్లలో అంటూనే ఉంటాం. కుదురు అంటే కుండ దొర్లిపోకుండా అడుగున పెట్టే చుట్ట. కుదురు లేనంత మాత్రాన కుండ ఓటిది కాదు. ఈ పిల్లలకు తెలివి తక్కువని గాని, తల్లిదండ్రుల పెంపకం చెడ్డదని గాని అనుకోరాదు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన తేడా. ఇందులో వంశపారంపర్యం పాలు ఎక్కువ. ఆడపిల్లలలో తరచు అల్లరి లేకుండా పరధ్యానం మాత్రమే ఉంటుంది కనుక వాళ్ల ఇబ్బంది చాలాసార్లు ఎవరి కంటా పడదు.

దీనిని రక్తపరీక్షలో గాని, స్కానింగులో గాని తేల్చలేము. అమెరికా మనోవైద్య సంఘం 2013లో సవరించిన ప్రమాణాల ప్రకారం పరాకుకు 9 లక్షణాలు, అతిచలనానికీ తొందరపాటుకూ 9 లక్షణాలు ఉన్నాయి. పిల్లల విషయంలో ఈ రెండింటిలో ఏదో ఒక వరుసలోనైనా 6 లక్షణాలు, కనీసం 6 నెలలుగా, బిడ్డ వయసుకు మించి కనిపించాలి. కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా కనిపించి, చదువుకో నలుగురితో మెలగడానికో అడ్డు కావాలి. వినికిడి, చూపు, నిద్ర, మూర్ఛ వంటి వేరే కారణాలను కూడా వైద్యుడు విచారించాలి. ఇంతటి నిర్ధారణకూ ఆధారం తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చెప్పే మాటలే. అడిగే ప్రశ్నావళిలో 'అప్పుడప్పుడు', 'తరచుగా', 'చాలా తరచుగా' అనే మెట్లుంటాయి. పరాయి నుడిలో అడిగిన ప్రశ్నకు తల్లి తలూపితే ఆ తలూపు ఏ మెట్టుమీద పడిందో ఎవరికి తెలుసు?

నేను చూసిన ఇద్దరు పిల్లల సంగతి చెబుతాను. ఒక బాబుకు 7 ఏళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు. 'పాఠం వినడు, కిటికీలోంచి చూస్తుంటాడు' అని బడినుంచి చీటీ వచ్చింది. తల్లిని తెలుగులో అడిగితే, ఇంట్లో చెప్పిన పని వరుస తప్పకుండా చేస్తాడనీ, అవ్వ కథ చెబితే చివరిదాకా విని మళ్లీ తాను చెబుతాడనీ తెలిసింది. లక్షణాలు ఒక్క బడిలోనే ఉన్నాయి. వాడికి కావలసింది పాఠం అర్థమయ్యే నుడి. రెండవది ఒక పాప, 9 ఏళ్లు. 'ఇంటి నుడి వేరు కదా, నిదానంగా అదే సర్దుకుంటుంది' అని అందరూ 2 ఏళ్లు ఊరుకున్నారు. ఆ పాపకు తెలుగులో చెప్పినా ఒక పని మధ్యలో ఇంకొకటి, ఆ మధ్యలో మరొకటి. అది నిజంగానే ఏడీహెచ్‌డీ. నుడి తేడాను జబ్బుగా చూడటం ఎంత తప్పో, జబ్బును నుడి తేడాగా చూడటమూ అంతే తప్పు. రెండు మూడు భాషలు మాట్లాడటం వల్ల ఈ ఇబ్బంది రాదు. ఇంట్లో తెలుగు మానేస్తే ఇది పోదు కూడా.

ఇక చికిత్స సంగతి. దారులు రెండు. మొదటిది ప్రవర్తన శిక్షణ. ఇందులో శిక్షణ పొందేది ముఖ్యంగా తల్లిదండ్రులు. ఒకసారి ఒకే పని చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, పెద్ద పనిని చిన్న ముక్కలు చేయడం, రోజూ ఒకే వేళను పాటించడం నేర్పుతారు. ఈ చికిత్సలో మందు మాటే. ఆ మాట ఇంట్లో పలికే తెలుగులో లేకపోతే శిక్షణ ఆసుపత్రి గడప దాటదు.

రెండవది మందు. ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. మామూలు మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, కడుపునొప్పి, తలనొప్పి రావచ్చు. ఎదుగుదల కొద్దిగా మందగించవచ్చు. అందుకే ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు చూస్తుండాలి. ఇంటిలో ఎవరికైనా గుండెజబ్బు ఉంటే ముందే చెప్పాలి. అటామాక్సెటిన్ అనే ఇంకొక మందు ఉంది. దాని ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది.

1999లో అమెరికాలో 7–9 ఏళ్ల పిల్లలు 579 మందిపై 14 నెలలు జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందు, ఒంటరిగానైనా శిక్షణతో కలిపైనా, ముఖ్య లక్షణాలను తగ్గించడంలో శిక్షణ ఒక్కదానికంటే మేలని తేలింది. శిక్షణ తోడైన పిల్లలకు కొంత తక్కువ మోతాదు సరిపోయింది. 3 ఏళ్ల నాటికి ఆ జట్ల మధ్య తేడా మిగలలేదని 2007లో ప్రకటించారు. కనుక ఒకసారి తీసుకున్న నిర్ణయం ఎల్లకాలానికీ కాదు, మళ్లీ మళ్లీ చూసుకోవాలి. 4, 5 ఏళ్ల పిల్లలకు ముందుగా తల్లిదండ్రుల శిక్షణ, 6 ఏళ్లు నిండినవారికి మందూ శిక్షణా కలిపి అని అమెరికా బాలవైద్య అకాడమీ 2019లో సూచించింది.

దారులు ఇన్ని ఉన్నప్పుడు తేల్చవలసింది ఎవరు? మందు గుణం వైద్యునికి తెలుసు. బిడ్డ గుణం ఇంటివారికి తెలుసు. ఉదయం బిడ్డ తిని బడికి పోతాడా, ఇంటిపాఠం ఎన్నింటికి చేస్తాడు, ఆసుపత్రికి ఎన్ని బస్సులు మారాలి, నెలకు ఎంత ఖర్చు పెట్టగలరు, మందు గురించి అవ్వాతాతలకు ఉన్న భయమేమిటి – ఇవేవీ వైద్య గ్రంథాలలో ఉండవు. అందుచేత ఇది ఉమ్మడి నిర్ణయం. అయితే మన కుటుంబాలలో జరుగుతున్నదేమిటి? కన్నడమో తమిళమో బాగా వచ్చిన తండ్రి మాట్లాడతాడు. పగలంతా బిడ్డను కనిపెట్టుకొని ఉండే తల్లి, నుడి చాలక, పక్కన మౌనంగా కూర్చుంటుంది. అన్నీ తెలిసిన మనిషి నోరు విప్పకుండానే నిర్ణయం అయిపోతుంది.

అమ్మలారా, ఈ ప్రశ్నలు తెలుగులో రాసుకొని వెళ్లండి: ఈ నిర్ధారణకు ఎట్లా వచ్చారు? మందు లేకుండా మొదలుపెట్టవచ్చా? మందు మొదలుపెడితే ఏ మార్పు చూడాలి, ఎన్ని వారాలకు? ఏ ఇబ్బంది వస్తే వెంటనే ఫోను చేయాలి? ఎప్పుడు ఆపి చూస్తాం? మా ఊరి దుకాణంలో ఈ మందు దొరుకుతుందా? ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు. మిథైల్‌ఫెనిడేట్ ఎక్స్ షెడ్యూలు మందు. చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, ఒక ప్రతిని దుకాణంవారు 2 ఏళ్లు దాచాలి. అన్ని దుకాణాలలో దొరకదు. 'అలవాటు పడిపోతాడా?' అన్న భయమూ దాచుకోకండి. వైద్యుని పర్యవేక్షణలో, చెప్పిన మోతాదులో వాడితే అట్లా కావడం అరుదు. మందు మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. బిడ్డను కూడా అడగండి. మింగేది వాడే కదా!

ఇది వైద్యుని దయమీద ఆధారపడిన సంగతి కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షను జబ్బు స్వభావం, చికిత్స, దాని దుష్ఫలితాలు తెలుసుకునే హక్కునిచ్చింది. ఆ సమాచారం అర్థమయ్యే భాషలో అందాలని కూడా చెప్పింది. మైనరు పిల్లల తరఫున సాధారణంగా సంరక్షకులే ప్రతినిధులు. బడి విషయంలో రాజ్యాంగం 350-ఏ అధికరణాన్ని చూపి అడుగుతున్న మనం, ఆసుపత్రిలో ఈ సెక్షనును ఎందుకు అడగరాదు?

అడగడంతోపాటు మనం చేయవలసిన పనులూ ఉన్నాయి. ప్రశ్నావళులను వైద్యుల చేత సరిచూపించి మన పలుకుబడిలోకి తేవాలి. మందుల వివరాలు ఒక్క పుటలో తెలుగులో అచ్చువేసి ఆసుపత్రులకు ఇవ్వాలి. రెండు నుడులూ వచ్చిన మన యువకులు వారానికి ఒక పూట ఆసుపత్రిలో దుబాసీలుగా నిలవాలి. ఆ పని జబ్బుపడిన బిడ్డ చేతనో వాడి అక్క చేతనో చేయించరాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవలు 20 భాషలలో ఉన్నాయి, వాటిలో తెలుగు ఒకటి. 14416కు ఫోను చేసి తెలుగు కావాలని అడగండి. మనం అడిగిన కొద్దీ మన నుడి లెక్కలోకి వస్తుంది.

బిడ్డకు కుదురు మందుతో రావచ్చు, శిక్షణతో రావచ్చు, రెంటితోనూ రావచ్చు. ఏది కావాలో తేల్చే చోట తల్లి తన నుడిలో మాట్లాడగలగాలి. అంతవరకూ మన పని మిగిలే ఉంటుంది.